మడత కెమెరా

"అది నిజంగా కెమెరాయేనా అండీ?"

కాఫీ తాగుతున్న టూరిస్టు అమ్మాయి అలమారాలో ఉన్న నల్ల పెట్టెను చూపించి అడిగింది.

సాయినాథ్‌కి ఆ ప్రశ్నంటే ఇష్టం. అరకులో అతని కాఫీ హోటల్‌కి వచ్చినవాళ్ళలో రోజుకి ఒకరైనా అడుగుతారు.

చేతులు తుడుచుకుని పెట్టెను కిందికి దించాడు. మీట నొక్కితే ముందు తలుపు వాలింది. లెన్సు పట్టుకుని లాగాడు. హార్మోనియం మడతల్లాంటి నల్లతోలు సాగుతూ, సన్నటి పట్టాల మీద లెన్సు ముందుకొచ్చి నిలబడింది.

"మడిస్తే కోటు జేబులో పడుతుంది. ఇదిగో, బఠాణీ గింజంత ఈ అద్దంలోకి పైనుంచి చూడాలి. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో మనమే అంచనా వేసుకుని ఈ చక్రం తిప్పాలి. వెనక ఎర్ర కిటికీ ఉంది చూశారా? ఫిల్ము తిప్పుతుంటే అందులో అంకె కనిపిస్తుంది. తిప్పడం మరిచిపోయామా, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడిపోతుంది."

"ఎక్కడ కొన్నారు?"

"కొనలేదమ్మా, మా నాన్నగారిది. డొంకరాయి వైపు ఒక అడవి ఊళ్ళో మాస్టారుగా చేసేవారు. నాకు ఊహ తెలియకముందే మలేరియాతో అక్కడే పోయారు. ఆయనతో పాటు ఇంటికి చేరింది ఇదొక్కటే."

ఎన్నోసార్లు చెప్పిన మాటలే.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

శుక్రవారం సంతకొచ్చిన కొండ మనిషి. బాగా ముసలివాడు. నెత్తిన గోనె కప్పుకున్నా వానకి తడిసిపోయి ఉన్నాడు. చూపంతా కెమెరా మీదే ఉంది.

"నీ అయ్య పేరేటి బాబూ?"

"వరహాలరావు. ఎందుకు తాతా?"

ముసలాయన లోపలికొచ్చి, చెయ్యి ఆ తోలు మడతల మీద పెట్టబోయాడు.

"ముట్టుకోకు తాతా, పాత తోలు. చిరిగిపోతుంది." సాయినాథ్ కెమెరాని వెనక్కి లాక్కున్నాడు.

ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్క గడియ నా కాడ కూకోవా బాబూ?"

అంతలో బయట టూరిస్టు బస్సు ఆగింది. వంటగదిలోంచి వంటమనిషి రత్నాలు కేకేసింది.

"బాబూ, బేగి రండి. జనం దిగిపోతన్నారు."

"పనికోసం వచ్చావా తాతా? ఇప్పుడైతే ఖాళీ లేదు."

"పని కాదు బాబూ."

"సరే, పై శుక్రవారం సంతకి రా. తీరిగ్గా మాట్లాడుకుందాం."

ముసలాయన తలూపి, మళ్ళీ వానలోకి దిగాడు.

పై సంత రోజున సాయినాథ్ సరుకు కోసం విశాఖపట్నం వెళ్ళాడు. తిరిగొచ్చాక రత్నాలు చెప్పింది.

"ఆ ముసలాయన వొచ్చినాడు బాబూ. కాపీ ఇత్తే తాగనేదు. పొద్దల్లా ఆ పెట్టెకేసే సూసుకుంటా కూకుని, సీకటడతాదనగా ఎల్లిపోనాడు."

"ఏం కావాలట?"

"నాకు సెప్పనేదు. మీతోనే సెప్పాలంట."

సాయినాథ్ సరేనన్నాడు. సరుకు దింపించే హడావుడిలో ఆ సంగతి మరిచిపోయాడు.

వానలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం, బురద కాళ్ళతో ఒకామె వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నా పేరు సోములమ్మ బాబూ. అనంతగిరి అవతల మా ఊరు. సుక్రు కూతుర్ని."

"సుక్రు ఎవరు?"

"నీ కాడికి రెండు మార్లు వొచ్చినాడే, మా అయ్య. దగ్గు ముదిరిపోనాది. నిన్ను తోలుకు రమ్మనాడు. వాగు పొంగీసి రానేకపోనాను. మొన్న పోనాడు."

సాయినాథ్ కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"అయ్య పడుసోడుగా ఉన్నపుడు మాది డొంకరాయి కాడ ఊరు. అడవి దారిలో ఒక మేస్టరు జొరంతో పడిపోయి ఉన్నాడంట. మెడలో ఈ పెట్టి ఏలాడతందంట. అయ్య ఆయన్ని ఈపునేసుకుని ఆస్పత్రికని బయల్దేరినాడు. వాగు కాడికొచ్చీసరికి మేస్టరు దించమన్నాడంట. అయ్య ఒళ్ళోనే పేణం పోనాదంట."

సాయినాథ్ గోడకి ఆనుకున్నాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఒకటే తలుచుకుని ఏడ్చేది. ఆ అడవిలో పక్కన మనిషి లేకుండా నాన్న పోయారని.

"అయినా అయ్య వొగ్గీనేదు. అలగే మోసుకుని డొంకరాయి తీసుకుపోనాడు. ఆపీసరోళ్ళు శవాన్నీ పెట్టినీ జీపులో ఏసుకుని ఎల్లిపోనారు. అయ్యనెవులూ ఏటీ అడగనేదు. ఆ మేస్టరు పేరు తప్ప ఏ ఊరో కూడా మాకు తెలవనేదు."

"మా నాన్న... ఆ చివర్లో ఏమైనా అన్నారా?"

సోములమ్మ తల వంచుకుంది.

"కొడుక్కి సెప్పమని ఒక మాట సెప్పినాడంట బాబూ, అది ఆ గుంటడిదే ఇంకెవులిదీ కాదని మా అయ్య ఇన్నేళ్ళూ కడుపులో దాసుకుని, మాక్కూడా సెప్పకుండానే పోనాడు."