ఎర్రగుడ్డ పట్టినాయన

జీపు ముందుకు ఎర్రగుడ్డ అడ్డం వచ్చింది.

డ్రైవర్ లోకేష్ బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో అశ్విని పళ్లు బిగించి మూలిగింది.

నొప్పులు మొదలై చాలాసేపయింది. బిడ్డ కాళ్లు కిందికి ఉన్నాయి, వెంటనే మదనపల్లెకు తీసుకెళ్లమని పుంగనూరులో నర్సు చెప్పింది.

“ఏందప్పా?” అశ్విని తండ్రి రెడ్డెప్ప తల బయట పెట్టాడు.

“గుట్టలో బండలకు తూటాలు పెట్టి పేల్చినాం. ఒకటి పేలకుండా నిలిచిపోయింది. అది ఎప్పుడు పేల్తాదో తెలీదు. రూల్లో చెప్పిన టైం అయ్యేదాకా ఎవురూ పోగూడదు.”

చెప్పినతనికి యాభై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా రాతిదుమ్ముతో బూడిదరంగుకు తిరిగింది. ముఖం జీపు వైపే ఉన్నా మనిషి ఇక్కడ లేనట్టున్నాడు.

“కాన్పు కేసు! కనపడలేదా?”

“కనపడతాండాదప్పా.”

“మరి తప్పుకో.”

అతను తప్పుకోలేదు.

రోడ్డు వెడల్పు చేయడానికి గుట్టను కొడుతున్నారు. మలుపు అవతల ఇంకా దుమ్ము లేస్తోంది. వెనక్కి తిరిగి చుట్టుదారిన పోతే చీకటి పడిపోతుంది.

లోకేష్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

“నాయనా... నా వల్ల కాదు” అంది అశ్విని.

రెడ్డెప్ప జీపు దిగాడు.

“గుడ్డ చేతికిస్తే కలెక్టరైపోయినాననుకుంటాండావా?”

“లేదప్పా.”

“రవ్వంత సందియ్యి. మా సావు మేం సస్తాం. నీకేం నొప్పి?”

“ఆ పాప బతకల్ల గదప్పా.”

ఎదురు మాట విని రెడ్డెప్పకు ఒళ్లు మండింది. చెంప ఛెళ్లుమంది.

అతను చెంప తడుముకోలేదు. గుడ్డ దించలేదు.

“ఏందయ్యా నువ్వు!” రెడ్డెప్ప భార్య బయ్యమ్మ జీపులోంచి అరిచింది. “పెద్దమనిషిని కొడతావా?”

“పెద్దమనిషంట! వీడి ఉద్యోగం ఊడగొట్టిస్తా సూడు.”

అతను వాచీ చూసుకున్నాడు. వెంటనే మళ్లీ చూసుకున్నాడు. రోడ్డు పక్కనున్న నీళ్ల క్యాను తెచ్చి బయ్యమ్మకు అందించాడు.

“పాపకు నోరు తడపండమ్మా.”

ఇంకాసేపటికి ఎర్రగుడ్డను రోడ్డు మధ్య డ్రమ్ముకు కట్టాడు. “నేనొచ్చేదాకా కదలొద్దండి” అని మలుపు వైపు పరుగెత్తాడు. ఒక్కడే.

“ఇప్పుడొచ్చింది దొరకు తొందర!” అన్నాడు రెడ్డెప్ప.

అతను తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. దారిలో పడిన రాళ్లను వంగి ఒక్కొక్కటే పక్కకు తోస్తూ వచ్చాడు. డ్రమ్ము జరిపి చెయ్యి ఊపాడు.

“పోండప్పా. భద్రం.”

“దెబ్బ పడితేగానీ దారి రాలేదు” జీపులోంచి విసిరాడు రెడ్డెప్ప.

అతను డ్రమ్ముకు కట్టిన ఎర్రగుడ్డ విప్పుతున్నాడు.

మదనపల్లెలో ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. ఇద్దరూ క్షేమం.

ఆస్పత్రి వరండాలో బయ్యమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త ముఖం చూడలేదు.

“బిడ్డనెత్తుకుంటాను, ఇట్లియ్యి” అన్నాడు రెడ్డెప్ప.

“ఆ చేత్తోనా?”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నిలిపి మంచే చేసినాడు గదయ్యా. నీళ్లు గూడా ఇచ్చినాడు. పోయి ఒక మాట చెప్పిరా.”

“ఏమని?”

“తప్పయిందని. నోరు పడిపోదులే.”

మరుసటిరోజు రెడ్డెప్ప గుట్ట దగ్గర బస్సు దిగాడు. మైసూరుపాకు పొట్లం కుడిచేతిలో ఉంది. ఎందుకో సిగ్గనిపించి ఎడమచేతికి మార్చుకున్నాడు. తప్పయిందప్పా, తప్పయిందప్పా అని లోపల అనుకుంటూ నడిచాడు. ఎన్నిసార్లు అనుకున్నా ఆ మాట నాలుకకు అలవాటు కాలేదు.

గుట్టలో పని ఆగిపోయి ఉంది. మేస్త్రీ మునిరత్నం ఒక్కడే బండ నీడన కూర్చున్నాడు.

“నిన్న ఈడ ఎర్రగుడ్డ పట్టుకోనుండె, ఆయన యాడ?”

“గంగులప్పన్నా? సొంతూరు పోయినాడు, కుప్పం. గుడ్డ పట్టేది ఆయన పని గాదప్పా. తూటాలు పేల్చే లైసెన్సు ఆయనది. నిన్న కావాలనే గుడ్డ తీసుకోని రోడ్డు మీదికి పోయినాడు.”

“ఎందుకప్పా?”

మునిరత్నం గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

“అన్నీ పేలినాయనుకోని గణేష్ అనే పిల్లోడు తొందరపడి లోపలికి పోయినాడు. ఒకటి లేటుగా పేలింది. రాళ్ల కింద పడిపోయినాడు. ఇంకోటేమో పేలకుండా ఉండాది. మేం పోతామంటే గంగులప్పన్న పోనీలేదు. మీకూ పెండ్లాం బిడ్డలుండారు, టైం కావల్ల అన్నాడు. ఆ పిల్లోని అరుపులు వింటా ఈడ నిలబడలేనని రోడ్డు మీదికి పోయినాడు.”

“ఆ తర్వాత?”

“టైం కాంగానే ముందర ఆయనే లోపలికి పోయినాడు. ఆ తూటా సంగతి చూసినాడు. గణేష్ అప్పిటికే అయిపోయినాడు. రోడ్డు మీద కాన్పు కేసుండాది, పంపించొస్తానని మళ్లా అట్లే వెనక్కి పోయినాడు.”

రెడ్డెప్ప ముఖం నేలకు వాలిపోయింది. సిగ్గు ముంచుకొస్తే అతనికి తెలిసింది ఒకటే, గొంతు పెంచడం.

“మనిషి సస్తా ఉంటే గుడ్డ పట్టుకోని రోడ్డు మీద నిలబడతాడా? రేపు ఆ పిల్లోని నాయనకు ఏం జవాబు సెప్తాడు?”

మునిరత్నం తలెత్తి అతన్ని చూశాడు.

“ఆ నాయన ఆయనేనప్పా” అన్నాడు.