పగటిపూట వాళ్లు

హైదరాబాద్‌లో ఒక్కో ఇంటిని రెండు కుటుంబాలకు పూటల లెక్కన అద్దెకిస్తున్న రోజులవి. రియల్ ఎస్టేట్‌లో ఎంబీఏ చదువుతున్న సుచరిత వాళ్లది రాత్రిపూట. ఆ రోజు తెల్లవారుతుండగా నానమ్మ పోయింది. కాసేపటికే పగటిపూట కుటుంబం మూటలతో గుమ్మంలోకి వచ్చింది.

"మా నానమ్మ పోయిందక్కా. బండి వచ్చేదాకా జర ఆగుండ్రి," అంది సుచరిత.

"ఆగితే మా పూట పోతది చెల్లె. పిల్లలకు వండి బడికి పంపాలె," అంది ఆ కుటుంబంలోని తల్లి కళ్లు తుడుచుకుంటూ.

తండ్రి సుచరిత వైపు తిరిగాడు. "నువ్వు చదివేది గిదే కదా బిడ్డా. ఏదన్నా రూల్ ఉంటదేమో చూడు."

అద్దె ఒప్పందాల పాఠం సుచరితకు కంఠతా వచ్చు. చావుకు అందులో మినహాయింపు లేదు.

"లేదు నాన్నా."

ఇద్దరూ నానమ్మను మెట్ల మీదికి మోసుకొచ్చారు. సుచరిత ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పై వాటాల్లో పూట మారినవాళ్లు పక్కకు ఒదిగి ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఎవరూ ఆగలేదు.