తోక తెగిన అక్షరం

నాగమల్లేశ్వరి గురించి ఆ వారం భీమశంకరం రాసిన మాటల్లో 'ద్రోహి' అన్నదే కాస్త మర్యాదైనది. మిగతావి రాస్తుంటే ఆయనకే ముచ్చటేసింది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో తెలుగువాళ్ల సంఘం ఆర్నెల్ల కిందట రెండు ముక్కలైంది. ఉగాదికి ఏ పార్టీ మంత్రిని పిలవాలన్న దగ్గర మొదలైన గొడవ, సంఘం తాలూకు పులిహోర గిన్నెలు పంచుకునేదాకా వెళ్లింది. ఇటువాళ్ల వారపత్రిక 'ఢంకా', సంపాదకుడు భీమశంకరం. అటువాళ్లది 'చురక', సంపాదకురాలు నాగమల్లేశ్వరి. పత్రికంటే ఒక్క కాగితమే, అటూ ఇటూ అచ్చు. అయినా అందులో పట్టినన్ని తిట్లు పెద్ద దినపత్రికల్లో కూడా పట్టవు.

రేపు ఉదయం గుడి హాల్లో రెండు సంఘాలకీ కలిపి ఓటింగ్. ఎవరి మంత్రి రావాలో తేలిపోతుంది. ఈ వారం 'చురక' భీమశంకరాన్ని 'రిటైరైన గోడగడియారం' అంది. రేపు హాల్లో అందరి చేతుల్లోకీ జవాబు వెళ్లకపోతే ఆ మాట ఒప్పుకున్నట్టే. అందుకే ఆయన పొద్దుటినుంచీ గరాజ్‌లో, బియ్యం బస్తాలకీ ట్రెడ్‌మిల్‌కీ మధ్య కూర్చుని, చేత్తో రాసుకున్నదాన్ని రెండు వేళ్లతో టైపు చేస్తున్నాడు. ముందు కాగితం మీద రాసుకోవడం ఆయన పాత అలవాటు. ఇంట్లో అంత పెద్ద డైనింగ్ టేబుల్ ఉన్నా అటువైపు పోడు. గరాజ్‌లో అయితే ఏకాగ్రత కుదురుతుందట.

మధ్యాహ్నం పక్కింటి స్మృతి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. హైస్కూలు పిల్ల. విజయవాడలో ముప్పయ్యేళ్లు సబ్ ఎడిటర్‌గా చేసిన అంకుల్‌ని మించి తన హిస్టరీ ప్రాజెక్టుకి దిక్కెవరూ లేరని ఆమె నమ్మకం.

"అంకుల్, నా ఎడిటర్స్ స్టోరీలో ప్రాబ్లమ్ వచ్చింది. మండే సబ్మిట్ చెయ్యాలి."

ఆ కథ ఆయనకి సగం తెలుసు. అమెరికా అంతర్యుద్ధం నాటిది. ఈ రాష్ట్రంలోనే ఓ చిన్న ఊరు, రెండు పత్రికలు. ఒకాయన దక్షిణాది పక్షం, యుద్ధం ఆపకూడదంటాడు. రెండో ఆయన ఉత్తరాది యూనియన్ పక్షం, సంధి చేసుకోమంటాడు. వారం వారం ఒకర్నొకరు పామనీ పిరికిపందనీ తిట్టుకున్నారు. ఒకరోజు దక్షిణాది సైనికులొచ్చి సంధి పత్రిక ప్రెస్సు పగలగొట్టి, సీసపు అక్షరాలన్నీ వీధిలో పారబోశారు.

"బట్ నెక్స్ట్ వీక్ ఆ పేపర్ వచ్చింది! చూడండి." స్మృతి ట్యాబ్‌లో పెద్దది చేసి చూపించింది. "ఈ 'జీ' లెటర్‌కి టెయిల్ లేదు. ఎనిమీ పేపర్‌లో కూడా సేమ్ 'జీ'. అంటే ఎనిమీయే ప్రింట్ చేశాడు. ఎందుకు అంకుల్?"

"అసంభవం. శత్రువు పత్రిక ఎవడైనా అచ్చేస్తాడా తల్లీ? నాగమల్లేశ్వరి పత్రిక ఆగిపోయిందనుకో, నేనైతే ఆ రోజు పాయసం చేసుకుంటాను."

"పాయసం మీకు రాదు కదా?"

అంతలో లాప్‌టాప్ తెర నీలంగా మారి, ఆ తర్వాత నల్లబడింది. ఎన్ని నొక్కులు నొక్కినా లేవలేదు. మధ్యమధ్యలో సేవ్ చేయడం ఆయన ఎరగడు.

మళ్లీ టైపు చేయాలంటే ఆరు గంటలు. అచ్చేసే షాపు ఐదింటికే మూసేస్తారు. స్మృతికి తెలుగు చదవడం రాదు. భీమశంకరానికి ఏడుపొక్కటే తక్కువ. రేపు హాల్లో ఉత్త చేతులతో, గోడగడియారంలా నిలబడాలి. బీపీ మాత్ర వేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. అలాగే కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి ట్రెడ్‌మిల్ మీద అరవై కాగితాలు పేర్చి ఉన్నాయి. పైన 'ఢంకా' అన్న పేరు. తన వ్యాసమే, ఒక్క తిట్టు కూడా జారిపోలేదు. కానీ ప్రతి కాగితానికీ ఎడమ అంచున పొడుగునా ఓ నల్లగీత ఉంది.

ఆ గీత ఆయనకి బాగా తెలుసు. ప్రతివారం 'చురక' మీద పడేదే. ఆవిడ ముసలి ప్రింటర్‌ని వెక్కిరిస్తూ పోయిన నెల సంపాదకీయం కూడా రాశాడు.

"ఎవరు వేశారివి?" అన్నాడు.

"నాగమల్లేశ్వరి ఆంటీ. మీ పేపర్స్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆంటీ టైపింగ్ సూపర్ ఫాస్ట్, అంకుల్. టైప్ చేస్తూ ఒకటే నవ్వు."

కట్ట మీద చీటీ ఉంది.

'ద్రోహి అని మూడుసార్లు రాశారు, చప్పగా ఉంది. ఒకచోట గుంటనక్క అని మార్చాను. రేపు మీ పత్రిక రాకపోతే వచ్చేవారం నేనెవర్ని తిట్టాలి? ఇట్లు, సంపాదకురాలు, చురక.'

ఆయన చదివి వినిపించాడు. స్మృతి కళ్లు పెద్దవయ్యాయి.

"ఓ మై గాడ్! దిస్ ఈజ్ ఇట్. నా కన్‌క్లూజన్‌లో పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో. మా పేర్లు మాత్రం రాయకు."

భీమశంకరం ఆ చీటీ మడిచి చొక్కా జేబులో దాచుకుని, గరాజ్ తలుపు తోసుకుని వంటింట్లోకి నడిచి, ముప్పై ఎనిమిదేళ్లుగా తనతో కాపురం చేస్తున్న ఆ ద్రోహి చేతిలోంచి చాకు అందుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.