కారంపూడి పోరులో ఒంటి తుమ్ము

“ఆ బాణాలు తెర దాటొచ్చి ఎవరి కంట్లోనన్నా గుచ్చుకుంటే ఎవరు దిక్కమ్మా?” అంది ఝాన్సీ, హాలు ఊడుస్తూ.

“అది బొమ్మమ్మా! నువ్వు ఊరకుంటే చాలు,” అంది కూతురు శిరీష.

ఈ కాలపు బొమ్మలు మన మాట వింటాయి, బదులూ చెబుతాయి. శిరీష ఏడాదిపాటు గోడంత తెర మీద పల్నాటి యుద్ధం గీసింది. ఆనాటి నమ్మకాలన్నీ సైనికుల బుర్రల్లో పెట్టింది. కొనడానికి తిరునాళ్ల కమిటీవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లకి నచ్చకపోతే ఏడాది కష్టం బూడిదే.

కొమ్ముబూర మోగింది. ఇరుసేనలూ కత్తులు దూశాయి. చీపురు దుమ్ముకి ఝాన్సీ తుమ్మింది, ఒకే ఒక్క తుమ్ము.

సేనలు రెండూ చతికిలబడ్డాయి.

“ఇంకోసారి తుమ్మమ్మా, రెండైతే దోషం పోద్ది!” అంటూ శిరీష మిరియాలపొడి తెచ్చింది. ఝాన్సీకి కళ్లనీళ్లొచ్చాయి గాని తుమ్ము రాలేదు.

“తుమ్మిన తల్లే సెలవివ్వాలి. కదలమంటావా అమ్మా?” అడిగాడు సేనాపతి.

వెళ్లమని చెప్పమంటూ శిరీష సైగలు చేసింది. ఝాన్సీ మాత్రం ముందు వరసలోని నూనూగు మీసాలవాళ్లనే చూస్తోంది.

“ఖాళీ కడుపుల్తో ఎక్కడికిరా నాయనా? ముందు సద్దిమూటలు విప్పండి.”

ఇరుసేనలూ ఒకే పంక్తిలో కలిసి కూర్చుని, ఆవకాయ ముక్కలు మార్చుకుంటూ తినసాగాయి. శిరీష తల పట్టుకుంది. కమిటీ పెద్ద కాఫీ పక్కన పెట్టి తెర దగ్గరికి వెళ్లాడు.

ఆ పంక్తికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“దీన్ని ఇట్టాగే తీసుకుపోతాం. మాక్కూడా నాలుగు ఆకులెయ్యండమ్మా.”