గోతిలో సాక్షి

ముక్కలు కొట్టి సంచుల్లో కట్టిన దుప్పి తొడ ఒకటి ఫోల్కె ఫ్రీజర్‌లోకి చేరింది. దానికి బదులుగా శనివారం నాడు ఫోల్కె గోతిలో కూర్చుని అబద్ధం ఆడాలి. అదీ ఒప్పందం.

"నీకన్నీ పదులే చూపించమంటావా?" అన్నాడు ఫోల్కె.

"అన్నీ వద్దురా, అనుమానం వస్తుంది. మధ్యలో రెండు తొమ్మిదులు వెయ్యి," అన్నాడు సిక్స్‌టెన్.

సిక్స్‌టెన్‌కి అరవై ఏడేళ్లు. స్వీడన్‌లో యూస్నన్ నది ఒడ్డునున్న ఆ ఊరి షూటింగ్ క్లబ్బులో పాత సైనిక తుపాకుల గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇనుము మీది ముద్ర చూసి అది ఏ కర్మాగారంలో ఏ ఏడు తయారైందో చెబుతాడు. చెక్కకి బిగించిన ఇత్తడి బిళ్ల చదివి లోపల గొట్టం ఎంత అరిగిందో చెబుతాడు. ఇంట్లో బీరువా నిండా పదకొండు తుపాకులున్నాయి. కాల్చడం దగ్గరికొస్తేనే చిక్కు. నలుగురు చూస్తున్నారంటే చెయ్యి వణికి, తూటా వెళ్లి వెనకున్న మట్టికట్టలో దిగేది. ముప్ఫయ్యేళ్లుగా అంతే.

ఆ వేసవిలో ముసలి ఆల్గోత్ చనిపోయాడు. అతని దగ్గర 1898లో తయారైన తుపాకీ ఒకటుంది. బోల్టు దగ్గర్నుంచి చిన్న చిన్న భాగాల దాకా అన్నిటి మీదా ఒకే నంబరు. అంటే ఇన్నేళ్లలో ఒక్క ముక్క కూడా మారలేదు. అలాంటిది సిక్స్‌టెన్ ఇంకొక్కటే చూశాడు, అదీ మ్యూజియంలో అద్దం వెనక. కానీ ఆల్గోత్ వీలునామాలో స్పష్టంగా రాసి పోయాడు: దీన్ని నంబర్లు చదివేవాడికి కాదు, కాల్చగలిగినవాడికి ఇవ్వండి. అందుకని ఈ ఏటి క్లబ్బు పోటీలో గెలిచినవాడికే తుపాకీ అని కమిటీ తేల్చింది.

కాల్చగలిగినవాడంటే హెల్గె. ఇరవయ్యేళ్లుగా క్లబ్బు ఛాంపియన్. దుప్పుల వేటగాడు. ఇంతకుముందు ఒక మంచి పాత తుపాకీ చెక్కని రంపంతో సగానికి కోసి, ఉక్కుకి చిల్లులు పెట్టి టెలిస్కోపు బిగించాడు. అది చూసిన రోజున సిక్స్‌టెన్‌కి కాఫీ దిగలేదు.

"ఆల్గోత్‌ది గెలిచినా అదే చేస్తా," అన్నాడు హెల్గె. "దుప్పికి నంబర్లు చదవడం రాదు కదా."

కాబట్టి తను చేస్తున్నది మోసం కాదనీ, ఒక అనాథని కాపాడటమనీ సిక్స్‌టెన్ నమ్మాడు.

పోటీలో దూరం మూడు వందల మీటర్లు, మనిషికి పది తూటాలు, నడిమధ్య తగిలిన తూటాకి పది పాయింట్లు. అంత దూరం నుంచి చిల్లు కనిపించదు. లక్ష్యాల కింద తవ్విన గోతిలో ఒకడు కూర్చుని, తూటా ఎక్కడ తగిలిందో చూసి, తెడ్డు పైకెత్తి చూపిస్తాడు. అతనెంత చూపిస్తే అంతే. ఆ క్లబ్బుకి ఆ పని చేసేవాడు ఫోల్కె ఒక్కడే.

సిక్స్‌టెన్, హెల్గె చెరో లక్ష్యానికి ఎదురుగా పక్కపక్కనే బోర్లా పడుకున్నారు. ఫలితం ముందే తెలుసు కనక సిక్స్‌టెన్‌కి ఏ దిగులూ లేదు. ఆల్గోత్ తుపాకీని బీరువాలో ఏ అరలో పెట్టాలా అని ఆలోచిస్తూ ఒక్కో తూటా పేల్చాడు. తెడ్డు లేస్తూ దిగుతూ ఉంది. హెల్గెకి తొంభై అయిదు. సిక్స్‌టెన్‌కి తొంభై ఆరు.

తను అడిగింది రెండు తొమ్మిదులు. పడినవి నాలుగు. తొడ చిన్నదనిపించిందేమో వెధవకి, అనుకున్నాడు సిక్స్‌టెన్.

తుపాకీ చేతికి రావాలంటే పోలీసుల నుంచి లైసెన్సు రావాలి. అందాకా అది ఆల్గోత్ భార్యా, క్లబ్బు అధ్యక్షురాలూ అయిన దాగ్నీ ఇంట్లోనే ఉంది. ప్రతి ఆదివారం సిక్స్‌టెన్ వెళ్లి దానికి నూనె రాసి, గుడ్డతో తుడిచి వచ్చేవాడు. అయిదో ఆదివారం దాగ్నీ అతనికి కాఫీ పోస్తూ సంతోషంగా చెప్పింది.

"జిల్లా పోటీకి మన తరఫున నీ పేరే పంపించాం. ఊరంతా వస్తామంటున్నారు చూడ్డానికి."

అక్కడ గోతిలో ఉండేది ఎవరో పరాయివాళ్లు. ఊరంతా చూస్తుండగా పదికి పది తూటాలూ మట్టికట్టలో దిగడం సిక్స్‌టెన్ కళ్లకి కట్టింది. ఆ క్షణాన అతని అంతరాత్మ మేలుకుంది.

మంగళవారం కమిటీ కూర్చుంది. సిక్స్‌టెన్ లేచి నిలబడి తొడ సంగతి మొత్తం చెప్పేశాడు. ఎవరూ గొంతు పెంచలేదు. బల్ల మీది యాలకుల బన్ను కూడా ఎవరూ ముట్టుకోలేదు.

"ఆ మాంసం తీసుకున్నావా?" అని దాగ్నీ ఫోల్కెని అడిగింది.

"తీసుకున్నా. సగం తినేశా కూడా."

ఇంకేమీ అడగకుండా ఇద్దరినీ క్లబ్బు నుంచి తీసేశారు. తుపాకీ రెండో స్థానంలో ఉన్న హెల్గెకి వెళ్లింది. ఈ క్లబ్బులో నిజాయితీ ఇంకా బతికే ఉందని హెల్గె గద్గదంగా మాట్లాడాడు.

అక్టోబరులో హెల్గె వేటకి బయల్దేరుతుంటే సిక్స్‌టెన్ చూశాడు. ఆల్గోత్ తుపాకీ చెక్క సగమే ఉంది. పైన నల్లటి టెలిస్కోపు. సిక్స్‌టెన్ కాళ్లు ఇంటికి పోలేదు, ఫోల్కె ఇంటికి వెళ్లాయి.

ఫోల్కె పొయ్యి దగ్గర నిలబడి మిగిలిన మాంసం వేయిస్తున్నాడు.

"నా మూలంగా నీ పరువు కూడా పోయిందిరా. క్షమించు," అన్నాడు సిక్స్‌టెన్.

"అది సరే. నువ్వసలు కమిటీలో ఎందుకు ఒప్పుకున్నావో అదే నాకు అంతుపట్టలేదు."

"భయమేసిందిరా. జిల్లా పోటీలో నాకు పదులు ఎవడు చూపిస్తాడు?"

"నీకు నేను మాత్రం ఎక్కడ చూపించాను?" ఫోల్కె ముక్కని తిరగేశాడు. "చూపిద్దామనే కూర్చున్నా. నువ్వు అవకాశమిస్తేగా. ఆరు పదిలో పడ్డాయి, నాలుగు తొమ్మిదిలో. ఉన్నదున్నట్టే చూపించా."

సిక్స్‌టెన్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"మరి ఆ రోజు కమిటీలో చెప్పొచ్చు కదరా."

"దాగ్నీ మాంసం గురించే అడిగింది. తూటాల సంగతి ఎత్తితే రెండో లక్ష్యం సంగతీ చెప్పాలి." ఫోల్కె మాంసం పళ్లెంలోకి తీసి, పక్కన పసుపు పళ్ల జామ్ సీసా మూత విప్పాడు. "హెల్గెకి కుడి కంట్లో శుక్లం వచ్చి మూడేళ్లయింది, అప్పట్నుంచీ పోటీకి వారం ముందు ఈ జామ్ తెచ్చిస్తూనే ఉన్నాడు."