వానలో లేపిన మనిషి

ఆ హిందీ ఊళ్లో, కాసిడీహ్ పేటలో, రాత్రి మూసిన బట్టల కొట్టు షట్టర్ మీద కానిస్టేబుల్ లోకనాథం లాఠీతో మూడు దెబ్బలు కొట్టాడు. అరుగు మీద ముడుచుకుని పడుకున్న ముసలామె ఉలిక్కిపడి లేచింది.

"బాబూ, వాన తగ్గినాక ఎలిపోతాను," అంది. అతని మొహంలోకి చూసి, "నువ్వు మనోడివి కాదేటి?" అని అడిగింది.

అచ్చం వాళ్లమ్మ యాసే. ఆ మూటతో, ఆ చిరుగుల చీరతో ఉన్న మనిషికి తను 'మనోడు' కావడం అతనికి నచ్చలేదు.

"తెలుగు నహీ ఆతా. ఉఠో, ఆగే బఢో," అని హిందీలో కసిరాడు, తనకు తెలుగు రాదని, లేచి ముందుకు నడవమని.

అదే అరుగు ముందు కారు ఆపుకుని బీరు తాగుతున్న కుర్రాళ్లను మాత్రం చూడనట్టే వదిలేశాడు. ముసలామె మూట నెత్తిన పెట్టుకుని వానలోకి నడిచింది. ఎక్కడికని అతను అడగలేదు.

డ్యూటీ దిగి బారిడీహ్ పేటలో ఇంటికొచ్చి, లాఠీ మూలన ఆనించి పడుకున్నాడు. సిగ్గుతో నిద్ర పట్టలేదు. వాన కురుస్తూనే ఉంది.

గేటు మీద కర్రతో కొట్టిన చప్పుడైంది. మూడు దెబ్బలు.

లాఠీ మూలనే ఉంది.

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి తలుపు మీద.

"ఉఠో, ఆగే బఢో."

పక్కన భార్య ఈశ్వరి లేచి కూర్చుంది. మొగుణ్ణి చూసింది, తలుపును చూసింది. "ఏటండీ ఇది? బయట మీ గొంతే వినిపిత్తంది!"

లోకనాథం లేచి దుప్పటి మడత పెట్టసాగాడు.

"బాబూ, నాను మనోణ్నే," అన్నాడు, ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మ యాసలో.

"తెలుగు నహీ ఆతా," అంది తలుపవతలి గొంతు.