మూడో శవం

“ముగ్గురూ ఒకే కంపెనీ గుట్టు బయటపెట్టారు. ముగ్గురూ ఒక్క ఏడాదిలోనే పోయారు. ఇది కాకతాళీయమా, మిత్రులారా?” అంటూ దివాకర్ ఫోన్ కెమెరా వైపు కనుబొమలు ఎగరేశాడు.

“ఆపు. ముగ్గురు కాదు,” అంది ఉజ్వల వంటగదిలోంచి.

దివాకర్ రికార్డింగ్ ఆపాడు. అమెరికాలో, సన్నీవేల్‌లో వారమంతా కోడ్ రాసుకుని, శనివారం పొద్దున యూట్యూబ్‌లో అంతుచిక్కని చావుల గుట్టు విప్పడం అతని అలవాటు. మెడికల్ డివైజెస్ కంపెనీలో టెస్టింగ్ చేసే అతని భార్య ఉజ్వల ఆ వీడియోలు ఏనాడూ చూసిన పాపాన పోలేదు. అలాంటిది, విమానాల విడిభాగాలు చేసే కంపెనీ మీద కంప్లయింట్ ఇచ్చినవాళ్ల చావుల గురించి చేస్తున్నానని చెప్పిన దగ్గర్నుంచీ నిద్ర మానేసి మరీ వివరాలు తవ్వుతోంది. ఇన్నాళ్లకి తన ఛానెల్ విలువ తెలిసిందని అతను లోలోపల మురిసిపోయాడు.

“మొదటాయనకి ఎనభై దాటాయి. రెండుసార్లు బైపాస్ కూడా అయింది,” అంది ఉజ్వల.

“ఎవరు చెప్పారు?”

“వాళ్లమ్మాయి. ఫోన్ చేశాను. మీ నాన్నని కంపెనీయే చంపేసిందని ఇప్పటికీ ఎవరో ఒకరు మెసేజ్ పెడుతూనే ఉన్నారట. పాపం, ఏడ్చేసింది.”

దివాకర్ కాస్త తగ్గాడు. “సరే. రెండో ఆయన? ఖాళీ రోడ్డు మీద యాక్సిడెంట్. చుట్టుపక్కల ఒక్క ప్రాణి లేదు.”

“ఉంది. జింక.”

“ఏంటి?”

“కారుకి జింక అడ్డొచ్చింది. పోలీస్ రిపోర్ట్ తెప్పించాను. ఆ జింకా పోయింది.”

“జింకని ఎవరైనా తోలి ఉండొచ్చు,” అన్నాడు దివాకర్. అన్నాక తనకే ఎలాగో అనిపించి గొంతు సవరించుకున్నాడు. “మూడో ఆయన?”

“అరిజోనాలో ఉన్నాడు.”

“అక్కడ పూడ్చారా?”

“అక్కడ గోల్ఫ్ ఆడుతున్నాడు. పోయింది అదే పేరున్న ఇంకెవరో. బతికే ఉన్నానని ఇంకెంతమందికి చెప్పాలని విసుక్కున్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు.”

“చచ్చినాయనతో ఏం మాట్లాడావు?”

“కంప్లయింట్ ఇచ్చాక ఎలా గడిచిందని అడిగాను. జాబ్ పోయిందట. ఫ్రెండ్స్ ఫోన్ ఎత్తడం మానేశారట. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదట.”

దివాకర్ ఫోన్‌ని సోఫాలో పడేసి, దాని పక్కనే కూలబడ్డాడు. “చివరికి హత్య జరిగింది నా వీడియోకే అన్నమాట.”

ఉజ్వల నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“అయినా కంపెనీ మీద కంప్లయింట్ ఇచ్చేవాళ్లకి బుర్ర ఉండాలి. వాళ్లంటే ఇక్కడివాళ్లు. మనలాంటివాళ్లకి జాబ్ పోతే దాని వెనకే వీసా. ఆ తర్వాత సామాను సర్దుకోవడమే,” అన్నాడు దివాకర్.

“సర్దుకుందాం. చంపరు కదా?”

“ఇంతసేపూ నువ్వు చెప్పింది అదేగా.”

“నేను కాదు, నువ్వు చెప్పు.”

“చంపరు.”

“వీడియోలో చెప్పినట్టు కాదు. నిజంగా.”

దివాకర్ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఛానెల్ పెట్టాక మొదటిసారి, ఆలోచించి మరీ జవాబిచ్చాడు.

“నిజంగానే. నువ్వు చెప్పిందంతా విన్నాక నమ్మకం కుదిరింది. ఎవరూ ఎవర్నీ చంపలేదు, చంపరు కూడా. ఇంక వెళ్లి హాయిగా పడుకో.”

ఉజ్వల బరువంతా దిగిపోయినట్టు ఊపిరి వదిలింది. వచ్చి అతని పక్కన కూర్చుంది.

“నిన్న మా కంపెనీ మీద నేనూ కంప్లయింట్ ఇచ్చాను.”